నిప్పుల రాత్రిని తప్పించుకున్న కిటికీ

ఇంగ్లండ్ ఉత్తర భాగంలోని యార్క్ నగరంలో, ఊజ్ నది ఒడ్డు వెంట సాగే కోనీ స్ట్రీట్ మీద సెయింట్ మార్టిన్ లె గ్రాండ్ అనే చర్చి ఉంది. ఇది కథీడ్రల్ కాదు, పేట చర్చి. చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్ల బాప్తిస్మాలకూ పెళ్లిళ్లకూ అంత్యక్రియలకూ కట్టుకున్నది. దాని ఉత్తరపు గోడలో 15వ శతాబ్దం నాటి రంగుటద్దాల కిటికీ ఒకటి నిలిచి ఉంది. యార్క్ మిన్‌స్టర్ కథీడ్రల్‌ను పక్కన పెడితే, ఆ ఊళ్లోని మరే చర్చిలోనూ ఇంత పెద్ద మధ్యయుగపు కిటికీ లేదు. 1942 ఏప్రిల్ 29 తెల్లవారుజామున జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు చర్చి చాలావరకు తగలబడిపోయింది. కిటికీ మాత్రం ఆ రాత్రి అక్కడ లేదు. రెండేళ్ల ముందే, 1940లో, దాన్ని ఊడదీసి దాచిపెట్టారు.

కోనీ స్ట్రీట్ ఇప్పుడు బట్టల దుకాణాలూ కాఫీ హోటళ్లూ ఉన్న సందడి బజారు. నడిచి వెళ్లేవారికి ముందు కనిపించేది చర్చి కాదు, దాని గడియారం. గోడ నుంచి దూలం సాచి వీధి నడుమకు వేలాడదీసిన రెండు ముఖాల గడియారం అది. మొదటి గడియారాన్ని 1668లో పెట్టారు. 1778లో దాని నెత్తిన పాతకాలపు నావికాధికారి దుస్తుల్లో, కంటికి సెక్స్టంట్ అనే నావికుల పరికరాన్ని ఆనించి చూస్తున్న చిన్న బొమ్మను చేర్చారు. ఊరివాళ్లు ఆ బొమ్మను ముద్దుగా ‘లిటిల్ అడ్మిరల్’ అంటారు. 1942 మంటల్లో గడియారం దెబ్బతింది. బాగుచేసి మళ్లీ వేలాడదీసేసరికి 1966 వచ్చింది.

గడియారం కింది నుంచి లోపలికి తిరిగితే మొదట ఎదురయ్యేది కప్పు లేని ఆవరణ. ఒకప్పుడు జనం కూర్చుని ప్రార్థనలు విన్న నడిమిశాల ఉన్న జాగా అది. ఇప్పుడు అక్కడ మొక్కలు, బల్లలు, పైన ఆకాశం. ఒక పక్కన పాత గోపురం, దానికి ఆనుకుని దక్షిణపు పక్కశాల మిగిలాయి. ఈ రెంటినీ కలిపి, నదికీ బజారుకూ నడుమ, నేటి చిన్న చర్చిని తీర్చారు. తలుపు తీసుకుని లోపల అడుగుపెట్టగానే ఎదుటి గోడలో కిటికీ నిలువెత్తున వెలుగుతూ కనిపిస్తుంది. దాన్ని అక్కడ నిలపడానికే ఆ గోడను కొత్తగా కట్టారు.

కిటికీ 1437 నాటిది. చేయించినవాడు రాబర్ట్ సీమర్, ఆ చర్చి పాస్టరు. ఆయన 1443లో చనిపోయాడు. అయిదు నిలువు భాగాలున్న ఈ కిటికీ మధ్యలో బిషప్పు దుస్తుల్లో సెయింట్ మార్టిన్ పెద్ద బొమ్మ ఉంది. చుట్టూ ఆయన జీవితంలోని ఘట్టాలూ మహిమలూ పదమూడు పలకల మీద పరుచుకున్నాయి. కింద మోకరిల్లి చేతులు జోడించిన సీమర్ బొమ్మ కనిపిస్తుంది. గుడికి మంటపం కట్టించి స్తంభం మీద తన బొమ్మ చెక్కించుకున్న దాతలు మన దగ్గరా ఉన్నారు కాబట్టి, ఈ ఆనవాయితీ తెలుగు పాఠకులకు కొత్తగా అనిపించదు. డబ్బిచ్చినవాడు చూసేవారి ప్రార్థనలో చోటు కోరుకునేవాడు. సీమర్ కోరిన చోటు ఇప్పటికీ ఆయనకు దక్కుతోంది.

మార్టిన్ నాలుగో శతాబ్దపు మనిషి. నేటి హంగరీ ప్రాంతంలో పుట్టి, రోమన్ సైన్యంలో పనిచేశాడు. ఫ్రాన్స్‌లోని ఆమియెన్ నగర ద్వారం దగ్గర, వణికించే చలికాలంలో, ఒంటి మీద బట్టలేని బిచ్చగాణ్ని చూసి కత్తి దూసి తన పైవస్త్రాన్ని రెండుగా చీల్చి సగం ఇచ్చాడని కథ. ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగం వస్త్రమే కప్పుకుని కనిపించాడట. తర్వాత సైన్యం వదిలి, సన్యాసి జీవితం గడిపి, టూర్ నగరానికి బిషప్పయి, 397లో కన్నుమూశాడు. ఆయన బతికి ఉండగానే సల్పీషియస్ సెవెరస్ అనే రచయిత ఆయన చరిత్ర రాశాడు. యూరప్ అంతటా మార్టిన్ పేరున వెలసిన చర్చిల్లోని బొమ్మలకు అదే ఆధారం. యార్క్ కిటికీలోని ఘట్టాలకూ మూలం ఆ సంప్రదాయమే. ఈ కథలోని నాయకుడు ఆయుధం మోసే వృత్తిని విడిచిపెట్టినవాడన్న సంగతిని ఈ చర్చిలో గుర్తుపెట్టుకోవాలి.

రంగుటద్దాల కిటికీ అనగానే తెలుగువారికి తలపుకొచ్చేది మెదక్ చర్చి. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే అక్కడి మూడు కిటికీలకు ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు రూపం గీశాడు. అవి 20వ శతాబ్దపు పని. యార్క్ కిటికీ అంతకు అయిదు వందల ఏళ్ల ముందుది. అయినా పని పద్ధతి పెద్దగా మారలేదు. రెంటిలోనూ బొమ్మ వెనకనుంచి వచ్చే వెలుతురుతోనే బతుకుతుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం పెడితేనే పలచని తోలు మీది ఎరుపూ పచ్చా ఎలా పలుకుతాయో, ఇక్కడ సూర్యుడు గోడ అవతల ఉంటేనే గాజు అలా పలుకుతుంది. రాత్రి లోపలి దీపాల వెలుగులో చూస్తే నల్లటి పలకలే తప్ప బొమ్మ ఉండదు.

మధ్యయుగంలో గాజు తయారీకి ఇసుక, బీచ్ చెట్ల బూడిద ప్రధానం. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, రాగి కలిపితే పరిస్థితిని బట్టి ఎరుపో ఆకుపచ్చో, మాంగనీసు కలిపితే ఊదా వస్తాయి. రాగి ఎరుపు మందంగా ఉంటే నల్లగా కనిపిస్తుంది కాబట్టి, తెల్లగాజు మీద పలచని ఎర్ర పొరగా పూసి ఊదేవారు. తెల్లగాజు ఇంగ్లండ్‌లోనే దొరికేది. రంగుల గాజును ఎక్కువగా రైన్ నది ప్రాంతం వంటి చోట్ల నుంచి ఓడల్లో తెప్పించేవారు. యార్క్‌కు సరుకు హల్ రేవు మీదుగా చేరేది. రంగు గాజు ధర ఎక్కువ. 15వ శతాబ్దపు యార్క్ కిటికీల్లో తెలుపూ పసుపూ పరుచుకుని, నీలం ఎరుపు నేపథ్యానికీ వస్త్రాలకూ పరిమితమవడానికి అప్పటి అభిరుచితో పాటు ఈ లెక్క కూడా కారణమై ఉండాలి.

పనివాడు ముందు సున్నం పూసిన పెద్ద బల్ల మీద కిటికీ బొమ్మను పూర్తి కొలతలో గీసుకునేవాడు. ఆ గీతల మీద గాజు పెట్టి, కాల్చిన ఇనుముతో పగులు తెప్పించి, కొక్కెం లాంటి ఇనుప పనిముట్టుతో అంచుల్ని కొద్దికొద్దిగా కొరికించి ముక్కను ఆకారానికి తెచ్చేవాడు. ముఖాలు, గడ్డం వెంట్రుకలు, వస్త్రం మడతలు ఇవన్నీ లోహపు పొడీ గాజు పొడీ కలిపిన నల్లటి రంగుతో కుంచె పెట్టి గీసినవి. బట్టీలో కాలిస్తే రంగు గాజులో కలిసిపోతుంది. పసుపు వచ్చే తీరు వేరు. గాజు వెనక వైపు వెండి సమ్మేళనం పూసి కాలిస్తే తెల్లగాజు నిమ్మపండు పసుపు నుంచి ముదురు బంగారం దాకా రంగు తిరుగుతుంది. ఈ కిటుకు 14వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌కు వచ్చింది. అంతకుముందు ముఖం చుట్టూ పచ్చని జుట్టు కావాలంటే వేరే గాజు ముక్క కోసి సీసంతో అతకాలి. తర్వాత ఒకే తెల్లముక్క మీద ముఖం, జుట్టు, కిరీటం అన్నీ వచ్చేశాయి. యార్క్ పనివాళ్ల చేతిలో ఈ పసుపు ఎంత సున్నితంగా పలికిందో సెయింట్ మార్టిన్ కిటికీ దగ్గర నిలబడి చూడాలి. అచ్చు బొమ్మల్లో ఆ సున్నితం రాదు.

ముక్కలన్నీ సిద్ధమయ్యాక రెండు పక్కలా గాడి ఉన్న సీసపు పట్టీల్లో ఇరికించి, పట్టీల కలయికలను టంకం వేసి ఒక పలక చేస్తారు. పలకల్ని రాతి చట్రంలో నిలిపి, అడ్డంగా దిగగొట్టిన ఇనుప కడ్డీలకు తీగలతో కడతారు. అంటే కిటికీ మొత్తం ఒకే ముక్క కాదు, ఒక్కొక్కటిగా విడదీయగల పలకల వరస. సీసం వందేళ్లకో నూటయాభై ఏళ్లకో అలసిపోతుంది కాబట్టి ఎప్పటికైనా దించి కొత్త పట్టీలు వేయక తప్పదని తొలి పనివాళ్లకే తెలుసు. తరతరాల మరమ్మతు కోసం పెట్టుకున్న ఈ వెసులుబాటే 1940లో కిటికీ ప్రాణం కాపాడింది.

యార్క్‌లో ఈ విద్య ఎంత పెద్ద ఎత్తున సాగిందో మిన్‌స్టర్ తూర్పు కిటికీ చెబుతుంది. కోవెంట్రీ వాడైన జాన్ థార్న్‌టన్‌తో 1405లో ఒప్పందం రాసుకుంటే 1408కల్లా పని పూర్తయింది. ఆయన శైలి ఊళ్లోని పనివాళ్ల మీద ఒక తరం పాటు నిలిచింది. సెయింట్ మార్టిన్ కిటికీ ఆ నీడలోనే పెరిగింది. నది అవతలి నార్త్ స్ట్రీట్‌లోని ఆల్ సెయింట్స్ చర్చిలో లోకం చివరి పదిహేను రోజులను చూపే కిటికీ, గుడ్‌రమ్‌గేట్‌లోని హోలీ ట్రినిటీలో 1470ల నాటి తూర్పు కిటికీ కూడా నిలిచే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో మరే ఊళ్లోనూ పేట చర్చిల గాజు ఇంతగా మిగల్లేదు. మతసంస్కరణ కాలంలో, ఆ తర్వాతి అంతర్యుద్ధంలో దేశమంతటా కిటికీలు పగిలాయి. 1644లో యార్క్ పార్లమెంటు సేనకు లొంగినప్పుడు, ఆ ప్రాంతపు వాళ్లే అయిన ఫెయిర్‌ఫాక్స్ తండ్రీకొడుకులు సైనికుల్ని అదుపులో పెట్టి చర్చిల్ని కాపాడారన్న పేరుంది. సేనాధిపతి సొంత ఊరివాడు కావడం యార్క్ అదృష్టం.

గాజును ముందే దించే అలవాటు యార్క్‌కు మొదటి ప్రపంచ యుద్ధంలోనే పట్టుబడింది. 1916 మే నెలలో జెప్పెలిన్ అనే జర్మన్ ఆకాశనౌక ఊరి మీద బాంబులు వేశాక మిన్‌స్టర్‌లోని ‘ఫైవ్ సిస్టర్స్’ కిటికీని దించేశారు. అది మళ్లీ 1925లో, యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీల స్మారకంగా, తన చోటికి చేరింది. రెండో యుద్ధం మొదలయ్యేసరికి ఎవరికీ సందేహం మిగల్లేదు. మిన్‌స్టర్ కిటికీలు పదుల కొద్దీ దిగాయి. పేట చర్చిల్లోనూ ముఖ్యమైన గాజు దిగింది. అప్పట్లో సెయింట్ మార్టిన్ పడమటి గోడలో ఉన్న ఈ పెద్ద కిటికీ కూడా పలకలు పలకలుగా విడివడి పెట్టెల్లోకి వెళ్లింది. బాంబు పడుతుందో లేదో తెలియని రోజుల్లో, నిచ్చెనలెక్కి అయిదు వందల ఏళ్ల నాటి పలకల్ని ఒక్కొక్కటే విప్పి దించడం అంటే ఎంత ఓపిక, ఎంత ఖర్చు! చర్చి చరిత్రలో సీమర్ తర్వాత పేరు చెప్పుకోవలసింది ఆ పని చేసిన వాళ్లదే.

1942 మార్చి చివర బ్రిటిష్ విమానాలు జర్మనీలోని పాత రేవుపట్టణం లూబెక్‌ను తగలబెట్టాయి. కొయ్య ఇళ్లతో కిక్కిరిసిన ఆ మధ్యయుగపు ఊరు తేలిగ్గా అంటుకుంది. దానికి బదులుగా జర్మనీ ఇంగ్లండ్‌లోని చారిత్రక పట్టణాలను ఎంచుకుంది. ఎక్సెటర్, బాత్, నారిచ్, యార్క్, కాంటర్‌బరీ వరసగా దెబ్బతిన్నాయి. యాత్రికుల కోసం అచ్చేసే బెడెకర్ గైడు పుస్తకాల పేరు మీద వీటిని ‘బెడెకర్ దాడులు’ అన్నారు. చూడదగ్గ ఊరు కావడమే ఆ ఊరి నేరమయింది. రెండు వైపులా అదే జరిగిందన్న నిజాన్ని దాచకూడదు.

యార్క్ మీద దాడి గంటన్నర దాకా సాగింది. పదుల కొద్దీ జనం చనిపోయారు. బార్ కాన్వెంట్ మీద బాంబు పడి అయిదుగురు సన్యాసినులు ప్రాణాలు విడిచారు. రైల్వే స్టేషన్ కప్పు కూలింది. పక్కనున్న ఇంజన్ల షెడ్డులో ‘సర్ రాల్ఫ్ వెడ్జ్‌వుడ్’ అనే ఇంజన్ పనికిరాకుండా పోయింది. కోనీ స్ట్రీట్‌లో మంటలు లేచాయి. సెయింట్ మార్టిన్ కప్పు కాలి కూలింది. నడిమిశాలా ఉత్తరపు పక్కశాలా నాశనమయ్యాయి. ఆ పక్కనే నది ఒడ్డున ఉన్న 15వ శతాబ్దపు గిల్డ్‌హాల్, అంటే నగర సభాభవనం, లోపలి ఓక్ స్తంభాలతో సహా బూడిదయింది.

ఒకే రాత్రి కాలిన ఈ రెండు పొరుగు భవనాలకు యుద్ధం తర్వాత రెండు వేర్వేరు మార్గాలు దొరికాయి. గిల్డ్‌హాల్‌ను మునుపటిలాగే, కొత్త ఓక్ స్తంభాలతో తిరిగి కట్టారు. 1960లో అది మళ్లీ తెరుచుకుంది. చూసేవారికి అక్కడ మంటల జాడ తెలియదు. సెయింట్ మార్టిన్ విషయం తేలడానికి ఇంకా సమయం పట్టింది. 1960లలో ఆ పని యార్క్ వాస్తుశిల్పి జార్జ్ పేస్ చేతికి వచ్చింది. అప్పటికే ఆయన వేల్స్‌లో బాంబు దెబ్బతిన్న లాండాఫ్ కథీడ్రల్‌ను మళ్లీ నిలబెట్టిన అనుభవం ఉన్నవాడు. చర్చి మొత్తాన్ని పాత కొలతల్లో కట్టాలని ఆయన చూడలేదు. నిలిచిన గోపురాన్నీ దక్షిణపు పక్కశాలనూ చర్చిగా మలిచి, కాలిపోయిన మేరను ఆరుబయలుగా వదిలేశాడు. 1968లో చర్చి మళ్లీ ప్రతిష్ఠ అయింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించినవారికి స్మారకంగా, దేశాల మధ్య, మనుషుల మధ్య శాంతికీ సయోధ్యకూ ప్రార్థనాస్థలంగా దాన్ని అంకితం చేశారు.

పడమటి గోడ కిటికీని ఉత్తరపు గోడలోకి మార్చడం చిన్న నిర్ణయం కాదు. పడమర ఉన్నప్పుడు సాయంత్రపు ఎండ నేరుగా సోకి రంగులు నేల మీద దాకా పరుచుకునేవి. ఉత్తరపు వెలుతురులో ఆ ఉధృతి లేదు. పనివాడు 1437లో మనసులో పెట్టుకున్న వెలుగు అది కాదు కూడా. ఆ నష్టం నిజమైనదే. దానికి బదులుగా దక్కినవి రెండు. ఉత్తరపు వెలుతురు రోజంతా నిలకడగా, మెత్తగా ఉంటుంది కాబట్టి కుంచె గీతలు, వెండి పసుపు ఛాయలు కళ్లు చెదరకుండా కనిపిస్తాయి. ఇక చర్చి చిన్నదైపోయింది కాబట్టి చూసేవాడు కిటికీకి చాలా దగ్గరగా నిలబడతాడు. మిన్‌స్టర్ కిటికీల్లో పైవరస బొమ్మల ముఖాలు చూడాలంటే దుర్భిణి కావాలి. ఇక్కడ కింది వరసలో మోకరిల్లిన దాత ముఖం మామూలు కంటికే అందుతుంది. మొత్తం మీద పేస్ చేసింది సరైన పని. పాత గోడను నకలు కట్టి అందులో పాత గాజు పెట్టి ఉంటే, కిటికీ దాటి వచ్చిన రాత్రి సంగతి చూసేవారికి తెలిసేదే కాదు.

చర్చిలోని కొత్త వస్తువులు కూడా నిలిచి చూడదగ్గవి. తూర్పు కిటికీ హ్యారీ స్టామర్స్ చేసిన ఆధునిక పని. బలిపీఠం వెనక లోహంతో చేసిన ‘చివరి రాత్రి భోజనం’ శిల్పం ఫ్రాంక్ రోపర్‌ది. చిన్న ఆర్గాన్ జర్మనీ నుంచి కానుకగా వచ్చింది. 15వ శతాబ్దంలో యార్క్ కిటికీలకు ఎరుపూ నీలమూ పంపిన దేశం, 20వ శతాబ్దంలో బాంబులు వేసిన దేశం, ఈ వాద్యం ఇచ్చిన దేశం ఒకటే. చర్చిని సయోధ్యకు అంకితం చేశామన్న మాటకు ఆ ఆర్గాన్ ప్రతి ఆరాధనలోనూ వినిపించే రుజువు.

మార్టిన్ పండుగ నవంబరు 11. మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది కూడా 1918 నవంబరు 11నే. కత్తిని బట్ట చీల్చడానికి వాడిన సైనికుడి చర్చి యుద్ధమృతుల స్మారకం కావడానికి ఇంతకన్నా తగిన తేదీ దొరకదు.

గాజుకు నేటి శత్రువు బాంబు కాదు, తేమ. చెట్ల బూడిదతో చేసిన మధ్యయుగపు గాజు నీటికి మెల్లగా కరిగి, పైపొర గుంటలు పడి మసకబారుతుంది. అందుకే ఇప్పుడు బయట వైపు సాదా గాజు తొడుగు పెట్టి, పాత గాజును కొద్దిగా లోపలికి జరిపి, నడుమ గాలి ఆడేలా అమర్చే పద్ధతి వచ్చింది. 1967లో ఏర్పడిన యార్క్ గ్లేజియర్స్ ట్రస్టు ఈ రంగంలో పేరున్న సంస్థ. మిన్‌స్టర్ తూర్పు కిటికీని దించి, శుభ్రపరచి, ఇలాంటి రక్షణతో తిరిగి నిలిపిన పని 2018లో ముగిసింది.

లండన్ నుంచి ఎడిన్‌బర్గ్ వెళ్లే రైళ్లు యార్క్‌లో ఆగుతాయి. దిగినవారి కాళ్లు ముందు మిన్‌స్టర్ వైపే నడుస్తాయి, అది న్యాయమే. చూశాక స్టోన్‌గేట్ వీధి గుండా కిందికి దిగి సెయింట్ హెలెన్స్ స్క్వేర్ దాటితే కోనీ స్ట్రీట్ వస్తుంది. కొద్ది నిమిషాల నడక. పగటిపూట, మబ్బు పలచగా ఉన్నప్పుడు వెళ్లండి. గడియారాన్ని ఫోటో తీసి వెనుదిరగకుండా లోపలికి వెళ్లండి, కింది వరస పలకల దగ్గర కాసేపు నిలబడండి. సమయం ఉంటే వంతెన దాటి నార్త్ స్ట్రీట్‌లోని ఆల్ సెయింట్స్ కూడా చూడండి.